మూడు నంబర్ల తాత: యుద్ధంలో సిపాయి రెజిమెంట్ ఎందుకు మారతాడు? ఒక కేస్ స్టడీ

మా నాన్నది ప్రభుత్వ ఉద్యోగం. సర్వీసులో ఏడు బదిలీలు. ప్రతిసారీ చుట్టాల్లో ఎవరో ఒకరు గొంతు తగ్గించి మా అమ్మని "ఏం జరిగిందట వదినా?" అని అడిగేవాళ్ళు. బదిలీ అంటే మనవాళ్ళకి రెండే కారణాలు, పైరవీ చేయించుకున్నాడు లేదా పైవాడితో పెట్టుకున్నాడు. ఆఫీసులో ఖాళీ ఉంది కాబట్టి పంపారు అంటే ఎవరికీ రుచించదు. ఇంగ్లండ్ వచ్చి, వందేళ్ళ కిందటి సైనికుల కాగితాలు వెతికిపెట్టే పనిలో పడ్డాక తెలిసింది, ఈ జబ్బు మనకొక్కళ్ళకే కాదని.

వారమంతా సాఫ్ట్‌వేర్, శనివారం పొద్దున మాత్రం ఊరి లైబ్రరీలో ఒక బల్ల దగ్గర కూర్చుంటాను. "మా తాత మొదటి ప్రపంచయుద్ధంలో ఉన్నాడు, ఏం చేశాడో చెప్పగలరా" అని వస్తారు. మొదట్లో సరదాగా చేసేవాణ్ణి, ఇప్పుడు కొన్ని కేసులు ఫీజు తీసుకుని చేస్తున్నాను. అందులో ఒకటి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను రెండు వారాలు తప్పుదారిలో నడిచాను, ఆ దారి ఎందుకు తప్పో ఆధారం మొదటి రోజే నా ముందుంది. పేర్లు, నంబర్లు, ఊరు తీసేశాను, రెజిమెంట్ల పేర్లు కూడా చెప్పను. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న మొదటిదాన్ని ఉత్తరపు రెజిమెంట్ అంటాను, రెండోదాన్ని దక్షిణపు రెజిమెంట్ అంటాను. మూడోది లేబర్ కోర్, అంటే సైన్యంలో కూలిపనులు చేసే దళం, దాంట్లో లక్షల మంది ఉన్నారు కాబట్టి పేరు చెప్పినా ఫర్వాలేదు.

వచ్చిన సమస్య

డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరమ్మ. గుడ్డ సంచిలోంచి మూడు వస్తువులు తీసి బల్ల మీద పెట్టింది. ఒక ఫొటో ఫ్రేమ్, రెండు మెడల్స్ ఉన్న చిన్న డబ్బా, మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి కాగితం. మూడూ వాళ్ళ తాతవే. ఫొటోలో తాత టోపీ మీద ఉన్నది దక్షిణపు రెజిమెంట్ బ్యాడ్జి. మెడల్ అంచున చెక్కింది ఉత్తరపు రెజిమెంట్. డిశ్చార్జి కాగితం ఇచ్చింది లేబర్ కోర్. మెడల్ మీద నంబర్‌కీ కాగితం మీద నంబర్‌కీ ఏ సంబంధమూ లేదు.

దీన్ని పట్టుకుని వాళ్ళ పెదనాన్న కొడుకు రెండు మాటలు అంటున్నాడట. మొదటిది, ఈ మెడల్స్ తాతవి కావు, అదే ఇంటిపేరున్న ఇంకెవరివో, ఏ పాత సామాన్ల కొట్లోనో కొన్నవి. రెండోది, ఇంట్లో ఎప్పటినుంచో చెప్పుకునే కథ. తాత ఒక సార్జెంట్‌ని కొట్టాడు, అందుకే రెజిమెంట్ నుంచి తరిమేశారు, చివరికి మట్టిపని చేసే దాంట్లో పడేశారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని ఎవరికీ తోచలేదు. మెడల్స్ తాతవి కాకపోతే తరిమేసిన మొదటి రెజిమెంట్ ఎక్కడిది?

ఆవిడ నన్నడిగింది ఒక్కటే, "ఇవి ఆయనవా, కాదా?"

కొంచెం నేపథ్యం

ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. అప్పటి బ్రిటిష్ సైన్యంలో సిపాయి నంబర్ సైన్యం మొత్తానికి ఒక్కటి కాదు, ఏ రెజిమెంట్ నంబర్లు దానివే. ఒకే నంబర్ పది రెజిమెంట్లలో పది మందికి ఉండేది. మనిషి రెజిమెంట్ మారితే పాత నంబర్ పోయి కొత్తది వచ్చేది, స్కూలు మారితే అడ్మిషన్ నంబర్ మారినట్టు. సైన్యమంతటికీ కలిపి నంబర్లు ఇవ్వడం 1920లో మొదలైంది. కాబట్టి ఒకే మనిషికి మూడు నంబర్లు ఉండటం వింతేమీ కాదు.

ఇంకోటి, కాగితాల్లో మూడు మాటలు కనిపిస్తాయి: ట్రాన్స్‌ఫర్, పోస్టింగ్, అటాచ్‌మెంట్. ట్రాన్స్‌ఫర్ అంటే రెజిమెంటే మారడం. పోస్టింగ్ ఎక్కువగా ఒకే రెజిమెంట్‌లో ఒక బెటాలియన్ నుంచి ఇంకోదానికి. అటాచ్‌మెంట్ అంటే మన డెప్యుటేషన్ లాంటిది, జీతం లెక్క పాతచోటే, పని కొత్తచోట. వీటిని కలిపేస్తే మొదటి అడుగే తప్పు పడుతుంది.

మెడల్స్ సంగతి: ఆవిడ దగ్గరున్నవి రెండే, వెండి బ్రిటిష్ వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్. స్టార్ లేదు. 1915 డిసెంబర్ 31 లోపు యుద్ధరంగంలో అడుగుపెట్టినవాళ్ళకు ఏదో ఒక స్టార్ వచ్చేది. అది పోయిందా, అసలు రాలేదా? ఎవరికి ఏ మెడల్ ఇవ్వాలో సైన్యం రాసుకున్న మెడల్ ఇండెక్స్ కార్డులో కూడా లేదు కాబట్టి రాలేదు. అంటే ఈ మనిషి 1916 లేదా ఆ తర్వాత సముద్రం దాటాడు. ఒక లేని వస్తువు నుంచి ఒక తేదీ దొరకడం ఈ పనిలో నాకు బాగా నచ్చే విషయం.

ఆ కార్డులోనే మూడు యూనిట్లూ, మూడు నంబర్లూ వరుసగా ఉన్నాయి: ఉత్తరపు రెజిమెంట్‌లో నాలుగంకెల నంబర్, దక్షిణపు రెజిమెంట్‌లో ఐదంకెలది, లేబర్ కోర్‌లో ఆరంకెలది. లేబర్ కోర్ నంబర్ డిశ్చార్జి కాగితంతో సరిపోయింది. మొదటి నంబర్ మాత్రం మెడల్ అంచుతో ఒక్క అంకె తేడా. భూతద్దం పెట్టి వెండి మెడల్ చూస్తే, ఏటా నవంబర్ 11కి, అంటే ఆ యుద్ధం ఆగిన రోజుకి, తళతళలాడేలా తోమి తోమి ఆ చివరి అంకె సగం అరిగిపోయింది. 3 అనుకుంటే 3, 8 అనుకుంటే 8. కంచుదాన్ని అంతగా తోమలేదు కాబోలు, దాని మీద 8 స్పష్టంగా ఉంది. కార్డులోనూ 8.

అంటే "ఇవి ఆయనవా" అన్న ప్రశ్నకి అరగంటలో జవాబు దొరికింది. యుద్ధరంగంలోకి మొదట ఏ యూనిట్‌తో వెళ్ళాడో ఆ పేరే అంచున చెక్కడం అప్పటి పద్ధతి. అందుకే మెడల్ మీద ఉత్తరపు రెజిమెంట్. పోయి డబ్బులు తీసుకుని ఇంటికెళ్ళొచ్చు.

కానీ ఆవిడ కదల్లేదు. "మరి ఎందుకు మారాడు?" అంది. అసలు కేసు అక్కడ మొదలైంది.

మొదటి ప్రయత్నం, కాలిన కాగితాలు

ఎవరైనా ముందు చూసేది సర్వీస్ రికార్డ్. అది ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు, బదిలీ తేదీతో సహా అన్నీ అందులో ఉంటాయి. కానీ 1940 సెప్టెంబర్‌లో లండన్ మీద జర్మన్ బాంబులు పడుతున్నప్పుడు ఆర్న్‌సైడ్ వీధిలోని వార్ ఆఫీస్ గోదాము తగలబడింది. మొదటి యుద్ధపు మామూలు సిపాయిల ఫైళ్ళలో సుమారు 60 శాతం బూడిదయ్యాయి. మిగిలినవాటిని ఇక్కడ "కాలిన కాగితాలు" అనే అంటారు, చాలావాటికి అంచులు నల్లగా మాడి, మంటలార్పిన నీళ్ళ మరకలతో ఉంటాయి. ఇంటిపేరు స్పెల్లింగ్ నాలుగు రకాలుగా మార్చి, మూడు నంబర్లతోనూ వెతికాను. మా తాతగారి ఫైల్ లేదు.

(మా తాతగారు అనేశాను చూడండి. రెండు నెలలు ఒకడి వెంట పడితే అలాగే అవుతుంది.)

రెండో ప్రయత్నం, నా సొంత కథ

ఇక్కడే తప్పు చేశాను. ఆవిడ చెప్పిన ఇంకో ముక్క నా తలలో ఇరుక్కుంది: తాతకి కాలికి గాయమైంది, చివరిదాకా కొంచెం కుంటేవాడు. నేను వెంటనే కథ అల్లేశాను. 1916 జూలైలో ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో గాయపడ్డాడు, ఓడలో ఇంగ్లండ్ ఆసుపత్రికి తెచ్చారు, కోలుకున్నాక ఎక్కడ ఖాళీ ఉంటే ఆ రెజిమెంట్‌కి పంపారు.

ఇది చెత్త ఊహ ఏమీ కాదు. గాయపడి సముద్రం దాటి ఇంటికొచ్చినవాడిని అతని బెటాలియన్ లెక్కలోంచి కొట్టేసేవాళ్ళు. కోలుకున్నాక ట్రైనింగ్ డిపో, అక్కడ్నుంచి అప్పుడు ఏ బెటాలియన్ మనుషులడుగుతుంటే దానికి. పాత మిత్రుల దగ్గరికే పంపాలన్న రూలేమీ లేదు. ఇలాంటి కేసులు నేను డజను చూశాను, అదే నన్ను ముంచింది. పదిసార్లు తెరుచుకున్న తాళంచెవి పదకొండో తలుపుకీ పడుతుందనుకున్నా.

రెండు వారాలు గాయపడినవాళ్ళ జాబితాలు తిరగేశాను. అదే ఇంటిపేరు, అదే ఇనీషియల్, అదే ఉత్తరపు రెజిమెంట్ మనిషి ఒకడు దొరికాడు, నంబర్‌లో ఒక్క అంకె తేడా. అచ్చుతప్పు అయ్యుంటుందిలే అనుకున్నాను. అరిగిపోయిన 8 ని చూసి వచ్చినవాణ్ణి కదా, ఒక అంకె తేడా పెద్ద లెక్కగా అనిపించలేదు. ఆవిడకి మెయిల్ కూడా రాసేయబోయి, పంపేముందు అలవాటు ప్రకారం ఆ నంబర్‌తో విడిగా ఒకసారి వెతికాను. ఆ నంబర్‌కి వేరే మెడల్ కార్డు ఉంది. వేరే మనిషి, యుద్ధమంతా ఉత్తరపు రెజిమెంట్‌లోనే ఉన్నాడు. రెండు వారాలు గంగలో కలిశాయి.

సిగ్గుతో మళ్ళీ మొదటి రోజు నోట్స్ తీశాను. అప్పుడు కనిపించాయి రెండు విషయాలు.

ఒకటి, నంబర్. అతని నాలుగంకెల నంబర్ టెరిటోరియల్ బెటాలియన్‌ది. టెరిటోరియల్ అంటే శాంతికాలంలో శని, ఆదివారాల్లో డ్రిల్లు చేసే స్థానిక దళం, యుద్ధమొచ్చాక పూర్తి సైన్యంలో కలిశారు. 1917 మొదట్లో ఈ బెటాలియన్లలో ఉన్నవాళ్ళందరికీ ఆరంకెల కొత్త నంబర్లిచ్చారు, రెజిమెంట్‌లో మొదటి టెరిటోరియల్ బెటాలియన్‌కి 200001 నుంచి, రెండోదానికి 240001 నుంచి, అలా. మా మనిషికి ఉత్తరపు రెజిమెంట్‌లో ఆరంకెల నంబర్ లేనే లేదు. అంటే 1917 రాకముందే అక్కడ్నుంచి వెళ్ళిపోయాడు. ఇది నేను మొదటి రోజే రాసుకుని ఉండాల్సింది.

రెండోది ఫొటో. ఆ మొదటి శనివారం ఫ్రేమ్‌లో చూశాను, తర్వాత ఆవిడ వాట్సాప్‌లో పంపిన కాపీ పెట్టుకునే పని చేశాను, ఆ కాపీలో మొహమూ టోపీయే ఉన్నాయి. ఈసారి ఫ్రేమ్ విప్పి అసలు ఫొటో తెమ్మన్నాను. అది పోస్ట్‌కార్డ్ మీద తీసిన ఫొటో, వెనక ఫ్రెంచిలో "కార్ట్ పోస్తాల్" అని అచ్చు. అంటే ఫ్రాన్స్‌లో ఏదో స్టూడియోలో తీయించుకుని ఇంటికి పంపాడు. నిలువెత్తు ఫొటో, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద, ఎడమచెయ్యి కిందికి వేలాడుతోంది. ఆ ఎడమ మోచేతి కింద, మణికట్టుకి పైన, ఏమీ లేదు.

ఏమీ లేకపోవడమే ముఖ్యం. 1916 జూలై నుంచి గాయపడిన సిపాయిలకి ఎడమ మణికట్టు పైన నిలువుగా ఒక ఇత్తడి పట్టీ కుట్టుకునే హక్కిచ్చారు, ఒక్కో గాయానికి ఒక్కోటి. ఫొటోలో దక్షిణపు రెజిమెంట్ బ్యాడ్జి ఉంది, గాయం పట్టీ లేదు. అంటే గాయం కాకముందే రెజిమెంట్ మారాడు. పట్టీ కుట్టుకోవడం బద్ధకించి ఉండొచ్చు కదా అని మీరడగొచ్చు. ఉండొచ్చు, అందుకే దీన్ని రుజువు అనలేదు. కానీ ఇంటికి ఫొటో పంపే కుర్రాడు ఆ పట్టీ లేకుండా నిలబడతాడా? నా కథ అక్కడ చచ్చిపోయింది.

పనిచేసినది, ఇరుగుపొరుగు నంబర్లు

మన మనిషి గురించి కాగితం లేనప్పుడు అతని పక్కనున్నవాళ్ళ గురించి వెతకాలి. ఊళ్ళో ఒకాయన ఎక్కడికి పోయాడో తెలియకపోతే పక్కింటివాళ్ళని అడుగుతాం కదా, అంతే.

దక్షిణపు రెజిమెంట్‌లో అతని ఐదంకెల నంబర్ తీసుకుని, దానికి ముందు ముప్ఫై, తర్వాత ముప్ఫై నంబర్లు రాసుకుని, మెడల్ రోల్స్‌లో, అంటే మెడల్స్ అందుకున్నవాళ్ళ జాబితాల్లో, ఒక్కొక్కటీ వెతకడం మొదలుపెట్టాను. విసుగు పని. రాత్రి పిల్లలు పడుకున్నాక రోజుకి ఏడెనిమిది. అరవైలో నలభై ఒక్క మంది దొరికారు. అందులో ముప్ఫై నాలుగు మందికి పాత యూనిట్ అదే ఉత్తరపు రెజిమెంట్, పాత నంబర్లు అవే నాలుగంకెలవి.

ఎక్సెల్‌లో కొత్త నంబర్ వరుసలో పెట్టి చూస్తే, ఇంటిపేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. బి, సి, సి, డి, ఎఫ్, జి, హెచ్, హెచ్. మా మనిషి రెండో హెచ్. అతని పైన ఇంకో హెచ్, కింద కె. ఆఖర్న డబ్ల్యు.

అర్ధరాత్రి వంటింట్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. స్కూల్లో హాజరుపట్టీ అది. ఎవరో గుమాస్తా బల్ల దగ్గర కూర్చుని, ముందు పేర్ల జాబితా పెట్టుకుని, వరసగా కొత్త నంబర్లు వేసుకుంటూ పోయాడు. ఒక మనిషి తప్పు చేస్తే ఒక మనిషిని మారుస్తారు. ముప్ఫై నలుగురిని అక్షరక్రమంలో మార్చారంటే అది శిక్ష కాదు, గాయమూ కాదు. గాయపడి కోలుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళుగా, వేరువేరు రోజుల్లో వస్తారు, అక్షరక్రమంలో రారు.

ఆ ముప్ఫై నలుగురిలో ముగ్గురి ఫైళ్ళు మంటల్లోంచి బతికి బయటపడ్డాయి, చదవగలిగేలా ఉన్నది ఒక్కటి. కుడి అంచు కాలిపోయింది, నెల పేరు సగమే ఉంది, కానీ సరిపోయింది. 1916 జూలైలో ఫ్రాన్స్‌లో దిగాడు, ఎటాప్ల్ బేస్ డిపోకి చేరాడు, తొమ్మిది రోజుల తర్వాత దక్షిణపు రెజిమెంట్‌కి ట్రాన్స్‌ఫర్, మర్నాడే ఫలానా బెటాలియన్‌కి బయల్దేరాడు. ఆ బెటాలియన్ యుద్ధ దినచర్యలో ఆ తేదీకి రెండ్రోజుల తర్వాత ఒక్క లైన్ ఉంది, కొత్త మనుషుల గుంపు వచ్చింది, ఇంతమంది, ఉత్తరపు రెజిమెంట్ నుంచి. పేర్లు లేవు, ఆ డైరీల్లో ఆఫీసర్ల పేర్లే ఎక్కువగా రాసేవాళ్ళు. ఆ లైన్ పైన వర్షం గురించి, కింద మందుగుండు బండి చక్రం గురించి.

ఎందుకలా చేశారు? ఎటాప్ల్ అంటే ఫ్రాన్స్ తీరంలో బ్రిటిష్ సైన్యానికి అతిపెద్ద విడిది, టామీలు (బ్రిటిష్ సిపాయిలు) దాన్ని "ఈట్ యాపిల్స్" అని పిలిచేవాళ్ళు. ఇంగ్లండ్ నుంచి వచ్చే కొత్తవాళ్ళు అక్కడ దిగి, ఇసుక దిబ్బల్లో డ్రిల్లు చేసి, పిలుపు కోసం ఎదురుచూడాలి. మామూలుగా ఏ రెజిమెంట్ మనుషులు ఆ రెజిమెంట్‌కే. 1916 జూలై 1న సోమ్‌లో మొదటిరోజే బ్రిటిష్ సైన్యానికి 57,470 మంది నష్టం, అందులో 19,240 మంది చనిపోయారు. మర్నాటినుంచి ముందు వరుసలోని బెటాలియన్లన్నీ ఒకేసారి మనుషులడిగాయి. ఒక రెజిమెంట్‌కి వందమంది కావాలి, దాని మనుషులు డిపోలో పది మందే ఉన్నారు. పక్క గుడారంలో ఇంకో రెజిమెంట్‌వాళ్ళు వందమంది ఖాళీగా ఉన్నారు, వాళ్ళ బెటాలియన్ నిండుగా ఉంది. ఇక చూడాల్సిందేముంది? బ్యాడ్జి మార్చి రైలెక్కించారు.

చట్టం కూడా అప్పుడే దారిచ్చింది. అంతకుముందు టెరిటోరియల్ మనిషిని అతని ఒప్పుకోలు లేకుండా వేరే రెజిమెంట్‌కి మార్చే వీలు లేదు, వాళ్ళు సైన్యంలో చేరిందే ఆ షరతు మీద. 1916లో వచ్చిన మిలిటరీ సర్వీస్ చట్టాలు ఆ రక్షణ తీసేశాయి. కాబట్టి మా తాత జూన్ ముందు వెళ్ళి ఉంటే బహుశా ఉత్తరపు రెజిమెంట్‌లోనే ఉండేవాడు, లేదా దాంతోపాటే పోయేవాడు.

ఒకే ఊరి కుర్రాళ్ళంతా ఒకేరోజు చనిపోకుండా ఉండాలనే ఇలా కలిపేశారని ఇక్కడ చాలామంది చెబుతారు. ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చిన మాట నిజమే. కానీ నేను చూసిన కాగితాల్లో అంత దయ నాకు కనిపించలేదు. కనిపించింది గుమాస్తా లెక్క, కావలసినవాళ్ళు ఇంత, ఉన్నవాళ్ళు ఇంత.

మూడో నంబర్

ఇది తొందరగానే తేలింది. పెన్షన్ కార్డు దొరికింది. ఈ కార్డుల్ని రక్షణ శాఖ పారేయబోతుంటే మొదటి యుద్ధ చరిత్ర మీద పనిచేసే వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అనే సంఘం తెచ్చుకుని కాపాడింది, అది లేకపోతే నాలాంటివాళ్ళకి సగం పని లేనట్టే. కార్డులో ఉంది: కాలికి తూటా గాయం, 1917. మా దక్షిణపు బెటాలియన్ ఆ శరత్కాలంలో బెల్జియంలో ఈప్ర్ బురదలో ఉంది. అంటే ఇంట్లో చెప్పుకున్న గాయం నిజం. నేనే దాన్ని తీసుకెళ్ళి తప్పు బదిలీకి తగిలించాను.

కాలు అలా అయ్యాక మెడికల్ బోర్డు ఏ1 ఇవ్వదు. ఏ అంటే ముందు వరుసకి పనికొచ్చేవాడు, బి అంటే విదేశంలో వెనక పనులకి, సి అంటే ఇంగ్లండ్‌లోనే. 1917 మొదట్లో పెట్టిన లేబర్ కోర్ ఏ1 కానివాళ్ళ కోసమే. రోడ్లు, రైలుపట్టాలు, ఓడల సరుకు, గొయ్యి తవ్వడం. ఇది శిక్షా దళం కాదు. ఫిరంగుల అందుబాటులోనే పనిచేసేవాళ్ళు, 1918 మార్చిలో జర్మన్లు విరుచుకుపడ్డప్పుడు కొన్ని లేబర్ కంపెనీలు పారలు పక్కన పెట్టి తుపాకులు పట్టుకున్నాయి. అయినా అప్పుడే దానికి చిన్నచూపు ఉంది. ఫ్రాన్స్‌లో వాళ్ళ సమాధుల మధ్య నడిస్తే తెలుస్తుంది. రాయి మీద పాత రెజిమెంట్ బ్యాడ్జి పెద్దగా ఉంటుంది, "లేబర్ కోర్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా రాళ్ళు అలాగే.

ఇంట్లో కథ ఎలా పుట్టిందో దీన్నిబట్టి ఊహించాను. కుంటుకుంటూ వచ్చిన మనిషి, చేతిలో మట్టిపని దళం కాగితం, అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. సార్జెంట్‌ని కొట్టాను అంటే కనీసం అందులో కొంచెం మగతనం ఉంది. ఇది నా ఊహ, రిపోర్ట్‌లో ఇది రాయలేదు.

రిపోర్ట్‌లో ఏం రాశాను

ఒక్కో వాక్యం పక్కన అది ఎంత గట్టిదో కూడా రాశాను. మెడల్స్ ఆయనవే, ఖాయం. 1917కి ముందే మొదటి రెజిమెంట్ వదిలాడు, ఖాయం. 1916 జూలైలో ఎటాప్ల్‌లో గుంపుగా మార్చారు, దాదాపు ఖాయం, ఎందుకంటే తేదీ పక్కవాడి కాగితంలోంచి తీసుకున్నాను, ఆయనదాంట్లోంచి కాదు. గాయం వల్ల లేబర్ కోర్, చాలా బలమైన ఆధారం. సార్జెంట్ సంగతి, ఆధారం లేదు. అబద్ధమని రాయలేదు, ఆధారం లేదనే రాశాను. ఫైలే లేనప్పుడు అందులో ఏం లేదో చెప్పడానికి నేనెవరిని?

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారింది

ఇప్పుడు ఎవరైనా రెండు రెజిమెంట్ల మనిషిని తెస్తే "ఇతనికి ఏమైంది" అని అడగడం మానేశాను. "ఇతనితోపాటు ఎంతమంది మారారు" అని ముందు అడుగుతాను. ఒక్కడే మారితే కారణం ఆ మనిషిలో వెతకాలి: చేతిపని తెలిసి రాయల్ ఇంజినీర్స్ అడిగి ఉండొచ్చు (అనుభవమున్న సొరంగం పనివాళ్ళకి రోజుకి ఆరు షిల్లింగులు, మామూలు సిపాయికి ఒక షిల్లింగు, ఎవరు వద్దంటారు), ఆఫీసర్‌గా తీసుకుని ఉండొచ్చు, లేదా అన్న తన రెజిమెంట్‌కి రప్పించుకుని ఉండొచ్చు. ఈ చివరిది చాలామందికి తెలియదు, అన్న అడిగితే తమ్ముణ్ణి అతని రెజిమెంట్‌కి మార్చే వీలు ఆ సైన్యంలో ఉండేది. మనవాళ్ళ స్పౌజ్ కోటా బదిలీ లాంటిదే అనుకోండి.

గుంపుగా మారితే క్యాలెండర్ చూస్తాను. 1915 అక్టోబర్ తర్వాతైతే మెషిన్ గన్ కోర్ పెట్టి, బెటాలియన్లలోని మెషిన్ గన్ మనుషుల్ని అందులోకి లాగడం. 1916 సెప్టెంబర్ తర్వాత చేరినవాడైతే ట్రైనింగ్ రిజర్వ్, అప్పటికి శిక్షణ దళాల్లో చాలావాటికి రెజిమెంట్ పేరే తీసేశారు, కుర్రాడు శిక్షణ అయ్యేదాకా తను ఏ రెజిమెంటో తనకే తెలియదు. 1918 ఫిబ్రవరి అయితే మనుషులు చాలక ఒక్కో బ్రిగేడ్‌ని నాలుగు బెటాలియన్ల నుంచి మూడుకి తగ్గించారు, వందకి పైగా బెటాలియన్లు ఎగిరిపోయి, వాటి మనుషుల్ని దొరికినచోటల్లా సర్దారు. ఫొటో విషయంలో నా నియమం ఒకటే, ఫ్రేమ్ విప్పాల్సిందే, వెనకవైపు చూడాల్సిందే. మొహం అందరూ చూస్తారు, నాకు కావలసింది మోచేయి.

మన వైపు నుంచి కూడా అప్పుడప్పుడు మెసేజ్‌లు వస్తుంటాయి, రెండో ప్రపంచయుద్ధంలో తాత మద్రాస్ రెజిమెంట్ అని విన్నాం, డిశ్చార్జి పుస్తకంలో ఇంకేదో ఉంది అని. ఆ రికార్డులు వేరు, చోట్లు వేరు, మద్రాస్ రెజిమెంట్ సెంటర్ వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్లది బెంగళూరులో. పైన చెప్పిన నంబర్ల లెక్కలు అక్కడ యథాతథంగా పనిచేయవు, నన్నడిగితే వేరే పోస్టు రాయాలి. కానీ రెండు పేర్లు కనిపించగానే "ఏదో చేసుంటాడు" అనుకోకండి.

టీచరమ్మ రిపోర్ట్ చదివి అడిగింది తాత గురించి కాదు, జాబితాలో తాతకి పైనున్న ఆ మొదటి హెచ్ గురించి. బల్ల దగ్గర వరసలో తాతకి ముందు నిలబడ్డాడేమో. అతను ఆ సెప్టెంబర్‌లోనే పోయాడు, సమాధి లేదు, పేరు సోమ్‌లో సమాధి దొరకనివాళ్ళ కోసం కట్టిన తియెప్వాల్ స్మారకం మీద డెబ్బై రెండు వేల పైచిలుకు పేర్లలో ఒకటి, రాయి మీద ఉన్నది దక్షిణపు రెజిమెంట్, అంటే అతను పుట్టిన ఊరివాళ్ళెవరూ వెతకని వరసలో. వేసవిలో వెళ్ళి చూసొస్తానంది.

పెదనాన్న కొడుక్కి రిపోర్ట్ ఆవిడే పంపింది. మెడల్స్ విషయం ఒప్పుకున్నాడట. వారం తర్వాత నాకు ఒక్క లైన్ మెయిల్ పెట్టాడు: "అయితే సార్జెంట్‌ని కొట్టిందెవరు?"

ఆ కాగితమంటూ ఒకటి ఉంటే ఆర్న్‌సైడ్ వీధిలో కాలిపోయి ఉంటుందని జవాబు రాశాను.